దానంతట అదే

పెరుగు "తోడుకుంది" అంటాం. అన్నం "ఉడికింది" అంటాం. పిండి "పులిసింది", వడియాలు "ఎండాయి", పండగ "వెళ్ళిపోయింది", పిల్లలు "పెరిగిపోయారు". ఈ మాటల్లో ఎక్కడైనా చేసినవాళ్ళ జాడ వుందేమో చూడండి. వినేవాళ్ళకి ఇవన్నీ వాటంతట అవే జరిగిపోయినట్టు వుంటుంది. అనగా అనగా, చేసిన మనకీ అలాగే అనిపిస్తుంది.

ఆడవాళ్ళ చాకిరీ మీద మరో వ్యాసం కాబోలని పేజీ తిప్పెయ్యకండి. నేను ముందు చెప్పబోయేది సైన్సు సంగతి. ఆ తర్వాత న్యాయం సంగతి. రెండూ ఒకదానితో ఒకటి ముడిపడి వున్నాయని నాకు తోచింది.

నానో టెక్నాలజీ అనే మాట ఇప్పుడు మన పిల్లల నోట కూడా వినిపిస్తోంది. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పదిలక్షో వంతు. మన తలవెంట్రుక మందమే సుమారు 80 వేల నానోమీటర్లు. అంత చిన్న ప్రపంచంలో వస్తువులు తయారు చెయ్యడం ఎలా? 1986లో ఎరిక్ డ్రెక్స్‌లర్ అనే అమెరికన్ ఒక పుస్తకం రాసి, అణువుల్ని ఒక్కొక్కటిగా పట్టుకుని ఇటుకల్లా పేర్చే బుల్లి యంత్రాలు వస్తాయన్నాడు. నోబెల్ బహుమతి అందుకున్న రిచర్డ్ స్మాలీ 2001లో దానికి అభ్యంతరం చెప్పాడు. ఆయన చెప్పిన కారణం వింటే మనకి నవ్వొస్తుంది. అణువుల్ని పట్టుకోవాల్సిన వేళ్ళు కూడా అణువులతో చేసినవే కదా, అవి మరీ లావుగానూ వుంటాయి, జిగటగానూ వుంటాయి, పట్టుకున్నది వొదలవు అన్నాడు. అరిసెల పాకం చేత్తో పట్టుకున్న ఎవరికైనా ఆ బాధ వేరే చెప్పాలా?

మరి దారి ఏమిటి? 2004లో ఇంగ్లండులోని రిచర్డ్ జోన్స్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు "సాఫ్ట్ మెషీన్స్" అనే పుస్తకంలో, ప్రకృతిని చూసి నేర్చుకోవడమే మేలన్నాడు. అంత చిన్న లోకంలో ఏదీ నిలకడగా వుండదు. పండగ ముందురోజు పూర్ణా మార్కెట్టులో నిలబడినట్టు, నీటి కణాలు నాలుగువైపుల నించీ తోసేస్తూనే వుంటాయి. ప్రకృతి ఆ తోపులాటతో పోట్లాడదు, దాన్నే వాడుకుంటుంది. కణాలు తోసుకుంటూ, తగులుకుంటూ, సరిపడిన జత దొరికినచోట ఆగిపోతాయి. ఎవరూ పేర్చరు, అవే అమరిపోతాయి. ఇటువంటి మెత్తని పదార్థాల చదువు కోసం మన పక్కనే బెంగుళూరులో ఒక పరిశోధన సంస్థే వుంది.

కొత్త విద్యలాగే వుంది గాని, మన వంటింట్లో రాత్రి దీపం ఆర్పాక రోజూ జరిగేది ఇదే. పాలలో మాంసకృత్తులు నానోమీటర్ల కొలతలో చిన్న చిన్న బంతుల్లా తేలుతుంటాయి. ఒకదాన్నొకటి దగ్గిరకి రానివ్వవు. అందుకే పాలు పాలలా వున్నాయి. తోడు వేస్తే, అందులోని సూక్ష్మజీవులు పులుపు పుట్టిస్తాయి. పులుపు ఎక్కేకొద్దీ బంతుల మధ్య ఆ ఎడం పోతుంది. ఒకదాన్నొకటి పట్టుకుని వలలా అల్లుకుపోతాయి. నీళ్ళన్నీ ఆ వలలో చిక్కుకుంటాయి. తెల్లారేసరికి గిన్నె వొంచినా ఒలకని పెరుగు! మధ్యలో గిన్నె కదిపితే వల తెగుతుంది, నీరు విడిపోతుంది. పాలు మరీ వేడిగా వుంటే తోడులోని ప్రాణులు చస్తాయి. చల్లగా వుంటే బద్ధకిస్తాయి. మనం ఒక్క కణాన్నీ ముట్టుకోలేదు. గోరువెచ్చదనం, చెంచాడు తోడు, కదపని చోటు, ఇంతే మనం ఇచ్చినవి.

సబ్బు సంగతీ అంతే. సబ్బు కణానికి ఒక కొస నీళ్ళంటే ఇష్టపడుతుంది, రెండో కొస నూనెంటే ఇష్టపడుతుంది. నీళ్ళలో పడగానే అవన్నీ గుంపుగా చేరి, నీళ్ళు గిట్టని తోకలు లోపలికి పెట్టుకుని గుండ్రటి బంతులైపోతాయి. మన జిడ్డు ఆ బంతుల లోపలికి చేరి వెళ్ళిపోతుంది.

నీళ్ళ మీద జిడ్డు పొర ఎలా పరుచుకుంటుందో మా మల్కాపురం వాళ్ళకి ఒకరు చూపించక్కర్లేదు. వాన వెలిశాక, టాంకరు లారీలు ఆగే చోట నీళ్ళగుంటల మీద ఏడు రంగులు మెరుస్తుంటాయి. ఆ పొరని మొదట శ్రద్ధగా కొలిచిందెవరో తెలుసా? జర్మనీలో బ్రౌన్‌ష్వైగ్ అనే ఊళ్ళో ఇల్లు చూసుకునే ఆగ్నెస్ పాకెల్స్ అనే అమ్మాయి. 1862లో పుట్టింది. ఆ రోజుల్లో అక్కడ ఆడపిల్లలకి యూనివర్సిటీ ప్రవేశం లేదు. తమ్ముడు చదువుకుని, అక్కకి పుస్తకాలు తెచ్చిపెట్టేవాడు. జబ్బు మనుషులైన తల్లిదండ్రులకి చేస్తూ, అంట్ల నీళ్ళ మీద జిడ్డు పొరని గమనించింది. ఒక పొడుగాటి రేకు తొట్టి, దాని మీద అడ్డంగా జరిపే రేకు ముక్క, త్రాసుకి వేలాడదీసిన చిన్న బిళ్ళ, ఇవే ఆమె పరికరాలు. రేకు జరుపుతూ, పొర దగ్గిరపడినప్పుడు నీటి పైపట్టు ఎలా మారుతుందో ఏళ్ళ తరబడి కొలిచింది. 1891లో ఇంగ్లండులోని ర్యాలీ ప్రభువుకి ఉత్తరం రాసింది. ఆయన దాన్ని "నేచర్" పత్రికకి పంపితే, ఆ మార్చిలోనే అచ్చయింది.

ఆ తొట్టి లాంటి పరికరంతోనే తర్వాత అమెరికాలో ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్, ఆ కణాలు నీళ్ళ మీద ఒకే వరుసగా, తలలు నీళ్ళలో ముంచి తోకలు పైకెత్తి నిలబడతాయని తేల్చి, 1932లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. అదే సంవత్సరం ఆగ్నెస్‌కి ఆమె ఊరి సాంకేతిక విద్యాపీఠం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. అప్పటికి ఆమెకి డెబ్బై ఏళ్ళు. మూడేళ్ళ తర్వాత పోయింది. ఆ ఇంట్లో కూడా "వంట అయింది, అంట్లు అయ్యాయి" అనే అనుకుని వుంటారు!

ఇదే కుటుంబంలోని కొవ్వు కణాలు నీళ్ళలో రెండు వరుసలుగా అమరి, సంచుల్లా మూసుకుంటాయని 1960ల మొదట్లో అలెక్ బాంగమ్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు మైక్రోస్కోపులో చూశాడు. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు ఇంజక్షను కోసం జనం ఊళ్ళు తిరిగారు, గుర్తుందా? అది మూత్రపిండాలని దెబ్బతీసే మందుని అటువంటి కొవ్వు అమరికలో పెట్టి, దాని చెరుపు తగ్గించిన మందే. అమెరికాలో మన పిల్లలు వేయించుకున్న ఫైజర్, మోడెర్నా టీకాల్లో కూడా, నీళ్ళలో ఒకటీ ఆల్కహాలులో ఒకటీ కలిపిన సరుకుల్ని గబుక్కున కలిపితే, కొవ్వు కణాలే మందు చుట్టూ చేరి చిన్న ఉండలవుతాయి. కుట్టేవాళ్ళు లేరు, మూత బిగించేవాళ్ళు లేరు.

ఇంతవరకూ కథ చల్లగానే వుంది. కానీ దానంతట అదే జరిగేది ప్రతిదీ పెరుగులా వుండదు.

2020 మే 7, తెల్లవారుజామున సుమారు మూడు గంటలు. మా విశాఖపట్నంలోనే, గోపాలపట్నం దగ్గిర వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ కర్మాగారంలో ఒక టాంకు నించి స్టైరీన్ ఆవిరి బయటికొచ్చింది. పన్నెండు మంది పోయారు. వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు. జనం నిద్రకళ్ళతో లేచి, ఎటు పరిగెత్తాలో తెలియక రోడ్ల మీదే పడిపోయారు. 1997 సెప్టెంబరు 14న రిఫైనరీలో మంటలు చూసిన మల్కాపురం వాళ్ళకి, ఆ ఉదయం పళ్ళెంలో ఇడ్లీ ముట్టబుద్ధి కాలేదు. వాసన తేడాగా వుంటే కిటికీ మూయాలో, ఇల్లు వదలాలో అని ఆలోచించే అలవాటు మాకు అప్పటిది.

స్టైరీన్ అంటే ప్లాస్టిక్కుకి ముడిసరుకు. దాని కణాలకి కూడా వాటంతట అవి చేతులు కలిపే గుణం వుంది. కలిసినప్పుడల్లా వేడి పుడుతుంది. వేడి పుడితే ఇంకా తొందరగా కలుస్తాయి. అందుకని దాన్ని చల్లగా వుంచాలి, కలవకుండా ఆపే మందు సరిపడా కలపాలి, గంట గంటకీ చూస్తుండాలి. లాక్‌డౌన్‌లో కర్మాగారం మూతపడింది. స్టైరీన్‌కి లాక్‌డౌన్ తెలియదు కదా! ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ ఆ జూలైలో నివేదిక ఇచ్చింది. చల్లబరిచే ఏర్పాటు చాల్లేదు. ఆపే మందు చాల్లేదు. టాంకు అడుగున వేడి కొలిచారే గాని, పైన ఎంత కాగిపోతోందో తెలిసే సాధనం లేదు. సైరన్ మోగలేదు. ఇవీ అందులోని మాటల సారాంశం.

అప్పట్లో మా ఎదురింటి మేష్టారొకరు అన్నారు, "అమ్మా, ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. ఎవరూ మీట నొక్కలేదు. దానంతట అదే కాగింది. చేసిన పనికి పాపం వుంటుంది గాని, చెయ్యని పనికి పాపమేమిటి?" అని. ఆయన మంచివారు. కర్మాగారం పక్షాన మాట్లాడలేదు, నిజంగానే ఆ ప్రశ్న ఆయన్ని బాధించింది. నన్నూ చాలాకాలం బాధించింది.

నాకు తోచిన జవాబు పెరుగు గిన్నెలో దొరికింది. మనం పెరుగు చెయ్యలేం. నిజమే. కానీ తోడు వేసిన క్షణం నించీ, తెల్లారే దాకా ఆ గిన్నె మన బాధ్యతే. పొయ్యి మీద పాలు పెట్టి వీధిలోకెళ్ళి కబుర్లలో పడితే, "పాలు పొంగిపోయాయి" అంటాం గాని, పొంగడం పాల గుణమని అందరికీ తెలుసు. తెలుసు గనకనే పెట్టినవాళ్ళు దగ్గిరుండాలి. దానంతట అదే జరిగే గుణం వున్నదాన్ని తెచ్చుకోవడమంటే, ఆ గుణానికి కాపలా కూడా తెచ్చుకోవడమే. చెయ్యి ముట్టుకోకపోవడం అక్కడ తప్పించుకోవడానికి దారి కాదు. ముట్టుకోకపోవడమే ఒక్కొక్కప్పుడు తప్పు.

ఒక్క మాట అన్నప్పుడు రెండో మాట కూడా అనాలి. లేకపోతే ఈ న్యాయమంతా తిరిగి తిరిగి ఆడవాళ్ళ నెత్తినే పడుతుంది. పెరుగు పులిస్తే కోడలిది తప్పు, కొడుకు పరీక్ష తప్పితే తల్లి పెంపకంది తప్పు అనడం మనకి కొత్తా? అమర్చడం మన పని. అమరడం దాని పని. వెచ్చదనం సరిగ్గా ఇచ్చామా, కదపకుండా వుంచామా, కన్నేసి వుంచామా, ఈ మూడింటికీ జవాబు చెప్పుకోవాలి. ఆ పైన కణాలు, పిల్లలు, లోకం ఎలా చేతులు కలుపుకుంటాయన్నది పూర్తిగా మన చేతిలో వుండదు. డ్రెక్స్‌లరు యంత్రాల్లాగ పిల్లల్ని ఒక్కొక్క అణువూ పట్టుకుని పేర్చబోతే, మన వేళ్ళూ లావే, మన వేళ్ళూ జిగటే!

పిల్లల్ని వాళ్ళంతట వాళ్ళకి వదిలెయ్యడం వేరు, గాలికి వదిలెయ్యడం వేరు. మొదటిది నమ్మకం, రెండోది నిర్లక్ష్యం. పైకి రెండూ ఒకేలా వుంటాయి, రెండింట్లోనూ చెయ్యి కదలదు కనక. తేడా అల్లా దగ్గిర ఎవరైనా వున్నారా లేదా అన్నదే.

"దానంతట అదే" అన్న మాట రెండువైపులా మనుషుల్ని మాయం చేస్తుంది. మంచి జరిగితే అమర్చిన చెయ్యి కనబడదు. చెడు జరిగితే అమర్చని చెయ్యి కనబడదు. మొదటిది ఇంట్లో అన్యాయం, రెండోది వెంకటాపురంలో జరిగింది. ఆ మాట విన్నప్పుడల్లా ఒక్క క్షణం ఆగి "తోడు ఎవరు వేశారు? తెల్లారే దాకా ఎవరు చూశారు?" అని అడగడం మనం అలవాటు చేసుకోవాలి.

మన పెద్దవాళ్ళు పాలల్లో వేసే చెంచాడు పెరుగునీ తోడనే అన్నారు, ఒంటరిగా వున్నప్పుడు పక్కన కూర్చునే మనిషినీ తోడనే అన్నారు. వేసి ఊరుకుంటే చాలదు, వుండాలి కూడా అని వాళ్ళకి ముందే తెలుసేమో!