నది లేదు, పెరడు లేదు, టైమ్ లేదు: హైదరాబాద్‌లో కార్తీకం ఎలా చేసుకోవాలి?

 

దీపావళి వెళ్లిన మర్నాడు పాడ్యమితో కార్తీకం మొదలవుతుంది. శరదృతువులో ఇది చివరి నెల. హైదరాబాద్‌లో అప్పటికి వానలు తగ్గి, తెల్లవారుజామున కాస్త చలి మొదలవుతుంది. సాయంత్రం 5:40 అయ్యేసరికి సూర్యుడు దిగిపోతాడు. ఊళ్లో అయితే ఈ నెల ఏం చేయాలో ఎవరూ చెప్పక్కర్లేదు. అమ్మ చీకటితోనే లేపుతుంది, చెరువుకో కాలవకో వెళ్తారు, తులసికోట దగ్గర దీపం పెడతారు. మరి మాదాపూర్ పీజీలో ఇంకో ఇద్దరితో గది పంచుకుంటున్న అమ్మాయి ఏం చేయాలి? కూకట్‌పల్లిలో ఎనిమిదో అంతస్తులో ఉంటూ నైట్ షిఫ్ట్ చేసే అబ్బాయి ఏం చేయాలి? "నది లేదు, పెరడు లేదు, టైమ్ లేదు. ఇక మాకు కార్తీకం ఎక్కడిదండీ?" అని చాలామంది అడుగుతుంటారు.

దీనికి జవాబు మన అమ్మమ్మలు ఎప్పుడో ఒక కథలో పెట్టి ఇచ్చారు. అదే పోలి కథ.

పోలి దగ్గర ఏముంది?

ఒక అత్తగారు. ఆవిడకి చాలామంది కోడళ్లు. కార్తీకం రాగానే మిగతా కోడళ్లందరినీ వెంటబెట్టుకుని నదికి బయల్దేరేది. చిన్నకోడలు పోలిని మాత్రం ఇంట్లో వదిలేసేది. దీపం పెట్టుకోవడానికి వత్తి, నెయ్యి కూడా దొరక్కుండా అన్నీ దాచేసి వెళ్లేది. పోలి ఏం చేసింది? ఏడుస్తూ కూర్చోలేదు. నూతి దగ్గర స్నానం చేసింది. పెరట్లో పత్తి చెట్టు కింద రాలిన దూది ఏరి వత్తి చేసింది. చల్ల కవ్వానికి అంటుకున్న వెన్న తీసి దానికి రాసింది. దీపం వెలిగించి, అత్తగారి కంట పడకుండా మీద బుట్ట బోర్లించింది. నెలంతా ఇలాగే చేసింది. చివరికి స్వర్గం నుంచి విమానం వచ్చింది ఆ పోలి కోసమే.

ఈ కథ వినగానే మనకి ఒక సంగతి అర్థమవుతుంది: ఉన్నదాంతోనే చేసుకోవచ్చు. కానీ ఇందులో రెండో సంగతి కూడా ఉంది, దాన్నే మనం మర్చిపోతుంటాం. అత్తగారికి నది ఉంది, నెయ్యి ఉంది, వత్తులున్నాయి, తోడు కోడళ్లున్నారు. విధి ప్రకారం ఆవిడ ఏదీ తప్పలేదు. ఒక్క మనిషిని వదిలేసి వెళ్లింది, అంతే. ఆ ఒక్కదానితో నెల రోజుల నదీస్నానం వృథా అయిపోయింది.

కాబట్టి ఈ నెల మనం వేసుకోవాల్సిన ప్రశ్న "నా దగ్గర ఏం లేదు?" అన్నది కాదండీ. "నేను ఎవరిని వదిలేస్తున్నాను?" అన్నది. ఆ ప్రశ్న మనసులో పెట్టుకుని ఒక్కొక్కటే చూద్దాం.

స్నానం: నది మీ కుళాయి దాకా వచ్చింది

నవంబర్‌లో మన దగ్గర సూర్యోదయం దాదాపు 6:20కి. అంతకు ముందే స్నానం అయిపోవాలి. నది ఏదీ అంటారా? హైదరాబాద్ కుళాయిల్లోకి వచ్చే నీళ్లు ఎక్కడివో ఎప్పుడైనా ఆలోచించారా? నాగార్జునసాగర్ వైపు నుంచి కృష్ణ వస్తోంది, ఎల్లంపల్లి నుంచి గోదావరి వస్తోంది, సింగూరు నుంచి మంజీర వస్తోంది. ఆ మంజీర కూడా గోదావరికి ఉపనదే. వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో ప్రయాణం చేసి నదులే మన బకెట్లోకి వస్తున్నాయి. ఆ నది పేరు తలుచుకుని మొదటి చెంబు పోసుకోండి. చాలు, అది నదీస్నానమే.

బకెట్ అని ఊరికే అనలేదు. షవర్ కింద అరగంట నిలబడితే అది పుణ్యస్నానం అవ్వదు. ఇదే నగరంలో ట్యాంకర్ ఎప్పుడొస్తుందా అని బిందెలు వరుసలో పెట్టుకుని ఎదురుచూసే బస్తీలున్నాయి. నదిని దేవత అన్నాక, ఆవిడని పారబోయకూడదు కదా.

నైట్ షిఫ్ట్ వాళ్లు తెల్లారి ఇంటికి వస్తారు. రాగానే స్నానం చేసి, దీపం పెట్టుకుని, అప్పుడు పడుకోండి. ఆరోగ్యం బాగాలేనివాళ్లు వేడినీళ్లే పోసుకోండి. సోమవారం ఉపవాసం విషయం కూడా అంతే. షుగర్ ఉన్నవాళ్లు, మందులు వాడేవాళ్లు కడుపు మాడ్చుకోవద్దు. శివుడు అభిషేకప్రియుడు, భక్తుడు కళ్లు తిరిగి పడిపోతే ఆయనకేం సంతోషం?

దీపం: వెలిగించినవాళ్ల కోసమే కాదు

కార్తీక దీపం పెట్టేటప్పుడు పెద్దవాళ్లు ఒక శ్లోకం చెప్తారు. దాని భావం విన్నారా? పురుగులు, మిడతలు, దోమలు, చెట్లు, నీళ్లలో నేలమీద బతికే ప్రాణులు, వీటిలో ఏది ఈ దీపాన్ని చూసినా వాటికి మళ్లీ జన్మ లేకుండా పోవాలట. లోకం ఊరి బయట పెట్టిన మనిషిని కూడా ఆ శ్లోకం పేరు పెట్టి మరీ లోపలికి పిలుస్తుంది. "నాకు ప్రమోషన్ రావాలి" అన్న మాట అందులో ఎక్కడా లేదు. దీపం వెలిగించిన చెయ్యి మనది, ఫలం మాత్రం చూసినవాళ్లందరిదీ. దోమని కూడా వదలని దీపం అండీ అది!

ప్రదోష వేళ, అంటే సూర్యాస్తమయం అయ్యే సమయం, దీపానికి శ్రేష్ఠం. ఆ టైమ్‌కి మీరు ఆఫీసులోనో మెట్రోలోనో ఉంటే ఇంటికి చేరాక పెట్టండి. బాల్కనీలో పళ్లెంలో ప్రమిద పెట్టి, కర్టెన్లకీ ఆరేసిన బట్టలకీ దూరంగా ఉంచండి. పీజీలో మంట పెట్టనివ్వకపోతే గొడవపడకండి. దగ్గర్లో ఏ గుడి ఉన్నా ధ్వజస్తంభం దగ్గర ఒక దీపం పెట్టి రండి. గదిలో వేరే మతం అమ్మాయి ఉంటే ముందుగా ఒక మాట అడగండి, పొగ పడనివాళ్లుంటే బయటే పెట్టండి. పక్కమనిషికి ఇబ్బంది కలిగించే దీపం, పైన చెప్పిన శ్లోకానికే విరుద్ధం.

పౌర్ణమి నాడు 365 వత్తులు వెలిగించేది ఎందుకో తెలుసు కదా. ఏడాదిలో రోజుకొక్కటి చొప్పున, తప్పిపోయిన రోజులన్నిటికీ కలిపి. మనలాంటి బిజీ మనుషుల కోసమే పెద్దలు ముందే ఆలోచించి పెట్టిన దారి అది. కాకపోతే ఆ మంట పెద్దగా లేస్తుంది. ఇంట్లో వద్దు, ఆరుబయటే వెలిగించండి.

నీళ్లలో దీపాలు వదిలేముందు

ఈ నగరం పెరిగిందే మూసీ ఒడ్డున. ఆ మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. 1908లో మూసీకి మహా వరద వచ్చాక, మళ్లీ అలాంటిది రాకూడదని కట్టినవే గండిపేట, హిమాయత్‌సాగర్. గండిపేట 1920లో పూర్తయింది. నూరేళ్లు దాటినా ఈ నగరం దాహం తీరుస్తూనే ఉంది. ఇప్పుడు చెప్పండి, థర్మాకోల్ గిన్నెలో, ప్లాస్టిక్ పూలతో దీపం తీసుకెళ్లి ఏ చెరువులోనైనా వదిలితే అది పూజా? అరటి దొప్పలో, ఆవునెయ్యి వత్తితో, ఒకే ఒక్క దీపం వదలండి. లేదా ఇంట్లోనే వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి అందులో వదలండి. పోలికి నూతి నీళ్లు సరిపోయాయి, మనకి పళ్లెం సరిపోదా?

ఉసిరి చెట్టు కింద ఎవరు కూర్చుంటున్నారు?

ఇక అసలు సంగతికొద్దాం. కార్తీకంలో ఆదివారం వస్తే చాలు, సిటీ చివర తోటలన్నీ వనభోజనాలతో నిండిపోతాయి. చాలాచోట్ల గేటు మీద బ్యానర్ ఉంటుంది. ఫలానా కులం వారి కార్తీక వనభోజనాలు అని. లోపల పెళ్లి సంబంధాలు, రాజకీయ ప్రసంగాలు, సన్మానాలు. మనవాళ్లందరూ కలవడంలో తప్పేముంది అంటారు. కలవండి, కాదనను. ఏడాదిలో ఇంకెన్నో రోజులున్నాయి. కానీ పురుగునీ దోమనీ కలుపుకున్న నెలలో, ఊరి బయటివాణ్ని కూడా పేరు పెట్టి పిలిచిన నెలలో, గేటు దగ్గర ఇంటిపేరు అడిగి లోపలికి పంపిస్తే, మనం ఎవరి పక్షాన ఉన్నట్టు? పోలి పక్షానా, అత్తగారి పక్షానా?

చెట్టు నీడ కులం చూసి పడదు. ఉసిరికాయ పులుపు అందరి నాలుకకీ ఒకటే.

మీరు చిన్నగా మొదలుపెట్టండి. ఈసారి వనభోజనం మీ అపార్ట్‌మెంట్‌లోనే చేయండి. కింద చెట్టు ఉంటే సరే, లేకపోతే కుండీలో ఒక ఉసిరి మొక్క తెచ్చి పెట్టండి. తలా ఒక వంట: ఒకరు పులిహోర, ఒకరు పప్పు, ఒకరు ఉసిరికాయ పచ్చడి. వాచ్‌మన్ కుటుంబాన్ని పిలవండి. ఇళ్లలో పనిచేసే అక్కల్ని, చెత్త తీసుకెళ్లే అన్నని పిలవండి. పిలిచి, విడిగా ప్యాకెట్ కట్టి ఇచ్చి పంపేయకండి. అదే బంతిలో, అదే ఆకులో, పక్కన కూర్చోబెట్టి వడ్డించండి. మొదట వాళ్లే మొహమాటపడతారు. మళ్లీ అడగండి. బంధువు రానంటే ఎలా బతిమాలతామో అలా.

దానం: చలి మొదలయ్యే నెల

దీపదానం, వస్త్రదానం, అన్నదానం అని వింటుంటాం. రాత్రి తొమ్మిది దాటాక ఉస్మానియా, గాంధీ లాంటి పెద్దాసుపత్రుల దగ్గరికి వెళ్లి చూడండి. జిల్లాల నుంచి రోగిని తీసుకొచ్చినవాళ్లు బయటే పడుకుని ఉంటారు. ఒక దుప్పటి తీసుకెళ్లండి. ఫోటో తీయకండి. పోలి దీపం మీద బుట్ట బోర్లించింది, గుర్తుందిగా? దానం మీద కూడా ఒక బుట్ట బోర్లిద్దాం.

కార్తీక అమావాస్య వెళ్లిన మర్నాడు పోలి పాడ్యమి. ఆ తెల్లవారుజామున అరటి దొప్పల్లో దీపాలు పెట్టి పోలిని స్వర్గానికి సాగనంపుతాం. అప్పటికి మీ ఉపవాసాలు కొన్ని తప్పిపోయి ఉండొచ్చు, కొన్ని సోమవారాలు మీటింగుల్లో గడిచిపోయి ఉండొచ్చు. పరవాలేదు, భోళాశంకరుడు ఆ లెక్క పట్టించుకోడు. ఆ దీపం పెట్టేలోపు ఒక్క మనిషి, ఇదివరకు మీ బంతిలో చోటు లేని ఒక్క మనిషి, మీ పక్కన కూర్చుని అన్నం తిని ఉంటే చాలు.

అందరికీ కార్తీక మాస శుభాకాంక్షలు. హర హర మహాదేవ!