ఊపిరి తీసుకునే చోటు



నేను పెద్ద సెమినరీలో తత్వశాస్త్రం చదువుతున్న రోజుల్లో ఒక ఆదివారం సాయంత్రం మాకు 'ది మిషన్' అనే సినిమా చూపించారు. 1986లో వచ్చిన సినిమా అది. యేసుసభ గురువు ఒకరు దక్షిణ అమెరికా అడవుల్లో గ్వారానీ ప్రజల దగ్గరకు వెళతారు. చేతిలో ఆయుధం లేదు. రాతి మీద కూర్చుని, సంచిలోనుండి ఓబో అనే వాయిద్యం తీసి ఊదుతారు. విల్లంబులతో చుట్టూ చేరిన వారిలో ఒకడు దానిని లాక్కుని విరిచేస్తాడు. అయినా ఆ గురువును చంపరు. చేయి పట్టుకుని తమతో తీసుకుపోతారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అది పాటకున్న బలమా, విరిగిపోయినా కోపం తెచ్చుకోని మనిషికున్న బలమా అని ఆలోచిస్తూ పడుకున్నాను.

ఓబో అంటే ఏమిటని మీరు అడగవచ్చు. మన సన్నాయికి దూరపు చుట్టమే. జంటగా కట్టిన రెండు సన్నని రెల్లు పలకల మధ్య ఊపిరి పోతే పలికే వాయిద్యాలు రెండూ. ఆ చుట్టరికాన్ని నమ్ముకునే నేను ఈ మధ్య పొదిలిలో ఒక పొరపాటు చేశాను. దాని గురించే ఈ వారం మీతో చెప్పాలనుకుంటున్నాను.

మన విచారణలో ముగ్గురు యువకులు సన్నాయి నేర్చుకుంటున్నారు. పగలు మిరప నారు నాటే పనులకు వెళతారు, చీకటి పడ్డాక గుడి వెనుక వరండాలో సాధన చేస్తారు. వారికి నేర్పే పెద్దాయన మన మతస్థుడు కాడు. తాతల నాటి నుండి పెళ్ళిళ్ళకు మేళం వాయించే కుటుంబం ఆయనది. ఒకరోజు పిల్లలు వచ్చి, "ఫాదర్, సెప్టెంబరు 8న మరియమాత జన్మదిన పండుగకు మేము వాయిస్తాం. మాకు పాటలు వ్రాసివ్వండి" అన్నారు.

పాటలు ఎక్కడ దొరుకుతాయి? మన పాటల పుస్తకాలు తీసి చూడండి, మాటలే ఉంటాయి. ప్రొటెస్టెంటు సహోదరుల 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు'లో పాట పైన రాగం, తాళం పేర్లయినా ఉంటాయి. వరస మాత్రం విని నేర్చుకోవలసిందే. మా పాత ఉపదేశిగారికి రెండు వందల పాటలు నోటికి వచ్చు. ఆయనతోపాటే సగం వరసలు సమాధిలోకి వెళ్ళాయి. ఇది మనందరి నిర్లక్ష్యం, నాతో సహా.

నిజానికి తెలుగు లిపిలో స్వరాలు అచ్చువేయడం కొత్త సంగతేమీ కాదు. సుబ్బరామ దీక్షితులుగారి 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' 1904లో ఎట్టయపురంలో అచ్చయింది. తమిళనాట, తెలుగు అక్షరాలలో! గమకాలకు కూడా గుర్తులు పెట్టి వ్రాసిన మహాగ్రంథం అది. అంతకు ముందే 1890లలో మద్రాసులో చిన్నస్వామి మొదలియారు అనే క్రైస్తవుడు మన కీర్తనలను పాశ్చాత్యుల గీతల పద్ధతిలో వ్రాసి అచ్చువేయడానికి ఎంతో పాటుపడ్డాడు. ఇరుగు పొరుగు పాటకు ఒక క్రైస్తవుడు అంత శ్రమపడితే, మన గుడి పాటకు మనం ఒక నోటుబుక్కు కూడా నింపలేదు.

సరే, నా పొరపాటు. బెథోవెన్ రెండు ఓబోలకూ, వాటి కంటే లోతుగా పలికే ఇంగ్లీష్ హార్న్‌కూ కలిపి ఒక రచన చేశాడు. అది ఆయన 87వ సంఖ్య రచన. ముగ్గురికి వ్రాసినది, మనవాళ్ళూ ముగ్గురే! అందులో నెమ్మదిగా సాగే భాగాన్ని నాలుగు రాత్రులు కూర్చుని సరిగమలలోకి మార్చాను. సెమినరీలో హార్మోనియం వాయించిన గర్వం కొంత ఉందని ఒప్పుకుంటున్నాను.

సాధన మొదలైంది. మూడో వరుస దాటకముందే పెద్దబ్బాయి సన్నాయి దించి గోడకు చేరగిలబడ్డాడు. కళ్ళు తిరిగాయన్నాడు. పెద్దాయనకు ఆ కాగితం చదవడం రాదు. పిల్లవాడి చేత పాడించుకుని విన్నాడు. విని, "ఫాదరుగారూ, పాట బాగానే ఉంది. ఇందులో పిల్లాడు ఊపిరి ఎక్కడ తీసుకోవాలి?" అన్నాడు.

తరువాత ఆలోచిస్తే సంగతి అర్థమైంది. ఓబో పీక సందు చాలా ఇరుకు. లోనికి పోయే గాలి కొంచెమే. ఊదేవాడికి గాలి చాలకపోవడం కాదు, లోపల మిగిలిపోవడమే బాధ. పాత ఊపిరిని బయటికి వదిలి, అప్పుడు కొత్తది పీల్చుకోవాలి. అందుకని దానికి వ్రాసే వరుసలు ఎంత పొడుగైనా సాగుతాయి. మన సన్నాయి అలా కాదు, గాలిని తాగేస్తుంది. ఒకరికి సుఖమైన కాగితం రెండోవారికి ఉరితాడైంది. పాత్రను బట్టే పాత్రలో పోసినది ఇముడుతుందని పునీత తోమాసు అక్వినాసుగారి తత్వంలో మూడేళ్ళు చదివాను, పరీక్షలో వ్రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. వరండాలో మరచిపోయాను.

బిడ్డలారా, ఇంటింటా ఇదే కాగితం కనబడుతోంది నాకు. పక్కింటి అబ్బాయికి సరిపడ్డ చదువును మన అబ్బాయి ముందు పెట్టి వాయించమంటాం. కోడలు వచ్చిన మొదటి నెలలోనే అత్తగారి ముప్పై ఏళ్ళ పద్ధతి అంతా ఒక్క దమ్ములో పలకాలంటాం. కళ్ళు తిరిగి కూర్చుంటే బద్ధకం అంటాం. ఆదికాండము రెండవ అధ్యాయంలో దేవుడు మట్టిబొమ్మకు ముందు ఊపిరి ఊదాడు. తోట పని చెప్పింది ఆ తరువాతనే.

పెద్దాయనే దారి చూపించాడు. "ముగ్గురూ ఒక్కసారే ఎందుకండీ? ఒకడు అంటాడు, ఇంకొకడు బదులు అంటాడు. మూడోవాడు శ్రుతి పట్టుకుని ఉంటాడు" అన్నాడు. మఠకన్యలు కీర్తనలు వల్లించేటప్పుడు రెండు వైపులుగా చేసేది సరిగ్గా అదే! ఒక వైపు పలుకుతుంటే మరొక వైపు ఊపిరి తీసుకుంటుంది. ఇప్పుడు మన మరియమాత పాటలలో ఒక స్థాయికి కొంచెం అటూ ఇటూ తిరిగేవే ఏరి, ఆ విధంగా వ్రాస్తున్నాం. కీబోర్డు వాయించే అమ్మాయి ట్రాన్స్‌పోజ్ మీట నొక్కి సన్నాయి శ్రుతికి దిగుతుంది. సన్నాయి శ్రుతి మారదు కదా, మారగలిగినదే వంగాలి.

విచారణ సంఘంలో ఒకరు, "సన్నాయి హిందువుల గుళ్ళలోది, మనకెందుకు?" అన్నారు. 1963 డిసెంబరు 4న ద్వితీయ వాటికన్ మహాసభ వెలువరించిన దైవార్చన పత్రం 119, 120 పేరాలు చదవమని వారిని కోరాను. ఆయా ప్రజల సంగీతానికి విలువ ఇవ్వమనీ, దేవాలయ గౌరవానికి తగిన వాయిద్యాలను అధికారుల అనుమతితో వాడవచ్చుననీ అక్కడ ఉంది. 16వ శతాబ్దంలోనే స్పెయిన్ దేశపు పెద్ద దేవాలయాలు సన్నాయి జాతి వాయిద్యాలు ఊదేవారిని జీతమిచ్చి పెట్టుకున్నాయి. మన ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన షేక్ చిన మౌలానాగారు ముస్లిము. శ్రీరంగంలో స్థిరపడి, నాదస్వరంతో 1998లో సంగీత కళానిధి అయ్యారు. ఆయన ఊపిరికి ఎవరు మతం అడిగారు?

అయితే అసలు అడ్డంకి సంఘంలో లేదు. పండుగకు మీరే ముందుండి నడిపించాలని పెద్దాయనను పిలిచాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చాలా ఏళ్ళ క్రితం వేరొక ఊరిలో, పేరు వద్దులెండి, మన వాళ్ళ పెళ్ళికి మేళం వాయిస్తూ వస్తే గుడి మెట్ల దగ్గరే ఆపేశారట. పెళ్ళి అయ్యేదాకా ఎండలో నిలబడ్డారట. "తాగడానికి నీళ్ళు అడిగినా ఇవ్వలేదండీ" అన్నాడు, కోపం లేకుండా. నేను ఆయన చేతులు పట్టుకుని మనందరి తరఫున క్షమాపణ అడిగాను. చూస్తానన్నాడు గానీ వస్తానని అనలేదు.

శనివారం సాయంత్రం ఆరు గంటలకు సాధన గుడి లోపలే జరుగుతుంది. మీ ఇళ్ళలో పాత ఉపదేశుల సరిగమల నోటుబుక్కులు ఉంటే, చెదలు పట్టినవైనా సరే, తీసుకురండి. పీఠం ముందు మొదటి బెంచీ పెద్దాయన కోసం ఖాళీగా ఉంచండి. ఒక చెంబుతో నీళ్ళు పెట్టమని సంఘ పెద్దకు చెప్పాను.