చెప్పని మాటకు పూచీ ఎవరిది?

మనకు తెలిసినవాటిలో స్వయంగా చూసి తెలుసుకున్నవి తక్కువ, ఒకరు చెప్పగా నమ్మినవే ఎక్కువ. మందు సీసా మీద రాసింది నమ్మి మందు మింగుతాం. అందుకే న్యాయదర్శనం ప్రత్యక్షం, అనుమానం, ఉపమానాలతో పాటు శబ్దాన్ని, అంటే ఒకరు చెప్పిన మాటను కూడా ప్రమాణంగా ఒప్పుకుంది. అలాగని ఎవరు ఏం చెప్పినా ప్రమాణమైపోదు, చెప్పేవాడు ఆప్తుడై ఉండాలి. ఆప్తుడంటే ఎవరన్న ప్రశ్నకు న్యాయసూత్ర భాష్యకారుడు వాత్స్యాయనుడు ఇచ్చిన జవాబు ఇప్పటికీ నిలబడుతుంది. విషయాన్ని నేరుగా ఎరిగి ఉండాలి. ప్రాణుల పట్ల దయ ఉండాలి. తానెరిగినదాన్ని ఉన్నదున్నట్టు ఎదుటివారికి చెప్పాలన్న కోరిక ఉండాలి. ఈ లక్షణం ఋషులకూ ఆర్యులకూ మ్లేచ్ఛులకూ ఒక్కటేనని కూడా ఆయన తేల్చాడు. అంటే ఆప్తత్వం పుట్టుకతోనో హోదాతోనో వచ్చేది కాదు, ఎవరైనా సంపాదించుకోవాల్సిందే, ఎవరైనా పోగొట్టుకోగలిగిందే. మరి తెలివి ఉండి, దయ కూడా ఉండి, ఆ మూడో లక్షణం ఒక్కటి లోపిస్తే? అడగని సంగతి చెప్పకుండా ఊరుకుంటే అది అసత్యం కిందికి వస్తుందా? వస్తుందనే నా వాదన. వినేవాడు మన మాట మీద ఎంతగా ఆధారపడి ఉంటే, మన మౌనానికి అంత బరువు. ఈ వాదనకు అమెరికా విమాన పరిశ్రమ ఇచ్చినంత స్పష్టమైన సాక్ష్యం ఇటీవలి చరిత్రలో ఇంకెక్కడా నాకు కనిపించలేదు.

నేటి జెట్ విమానం నడిపే పైలట్ దాదాపుగా శబ్దప్రమాణం మీదే బతుకుతాడు. తోకలో ఏ మోటారు ఎప్పుడు తిరుగుతుందో, ఏ కంప్యూటర్ దాన్ని ఎందుకు తిప్పుతుందో అతని కంటికి కనబడదు. తయారీదారు రాసిచ్చిన మాన్యువల్ చదువుతాడు, దాని ప్రకారం శిక్షణ పొందుతాడు. అతన్ని నమ్మి వెనక వందలమంది కూర్చుంటారు. 2018 అక్టోబర్ 29న జకార్తా నుంచి బయల్దేరిన లయన్ ఎయిర్ 610 జావా సముద్రంలో కూలి 189 మంది చనిపోయారు. 2019 మార్చి 10న అడిస్ అబాబా నుంచి లేచిన ఇథియోపియన్ 302 ఆరు నిమిషాల్లో పొలాల్లో పడి 157 మంది చనిపోయారు. రెండూ బోయింగ్ 737 మ్యాక్స్ విమానాలే. మొదటిదాని కెప్టెన్ భారతీయుడు, రెండోదాంట్లో పోయినవారిలో మన తెలుగింటి బిడ్డ కూడా ఉంది. రెండింట్లోనూ పైలట్లు ముక్కు పైకెత్తుతుంటే పదేపదే కిందికి వంచింది ఎంకాస్ అనే సాఫ్ట్‌వేర్. లయన్ ఎయిర్ పైలట్లకు ఆ ఏర్పాటు ఒకటుందని ఎవరూ చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో తెలియాలంటే పోటీ సంగతి తెలియాలి. 2010 డిసెంబర్‌లో ఎయిర్‌బస్ తన ఏ320కి ఇంధనం ఆదాచేసే కొత్త ఇంజిన్లు పెట్టి ఏ320 నియో తెస్తానని ప్రకటించింది. బోయింగ్ అప్పటికి పూర్తిగా కొత్త విమానం కట్టే ఆలోచనలో ఉంది. 2011 జూలైలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ 460 విమానాలకు ఆర్డరిస్తూ 260 ఎయిర్‌బస్‌కు ఇచ్చేసింది. ఏళ్ల తరబడి తమ ఇంటి ఖాతాదారు అనుకున్న సంస్థ అటు మొగ్గగానే బోయింగ్ ఆలోచన మారిపోయింది. ఆగస్టు 30న, పాత 737కే కొత్త ఇంజిన్లు తగిలించే మ్యాక్స్‌ను ప్రకటించింది. కానీ 737 తొలిసారి ఎగిరింది 1967లో. నిచ్చెనలూ యంత్రాలూ లేని చిన్న ఊళ్లలో సైతం నేల మీద నిలబడే సామాను ఎక్కించుకోవాలని దాన్ని పొట్టిగా కట్టారు. ఆ పొట్టి రెక్క కింద పెద్ద ఇంజిన్‌కు చోటు లేక, దాన్ని ముందుకూ పైకీ జరిపారు. దాంతో విమానం ముక్కు బాగా పైకెత్తిన కొన్ని స్థితుల్లో ఇంకా పైకి లేవాలని చూస్తుంది, పైలట్ చేతికి పిడి తేలికవుతుంది. నిబంధనలు అందుకు ఒప్పుకోవు. తోకలోని స్టెబిలైజర్‌ను తనంత తానే కదిపి ముక్కును దించే ఎంకాస్ అలా పుట్టింది. ఇంతవరకూ తప్పేమీ లేదు. ఇంజినీరింగ్ అంటేనే ఒక సర్దుబాటు వెంట మరో సర్దుబాటు.

తప్పు మొదలైంది అమ్మకపు హామీలో. పాత 737 నడిపే పైలట్ మ్యాక్స్ నడపడానికి సిమ్యులేటర్ ఎక్కనక్కరలేదు, ట్యాబ్‌లో కొద్ది గంటల పాఠం చాలు అన్నది ఆ హామీ. సిమ్యులేటర్ శిక్షణ అవసరమైతే విమానానికి పదేసి లక్షల డాలర్లు తగ్గిస్తామని సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్‌కు మాటిచ్చినట్టు అమెరికా ప్రతినిధుల సభ కమిటీ 2020 సెప్టెంబర్ నివేదికలో బయటపెట్టింది. ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. ఈ హామీలో అమ్ముడుపోయింది విమానం ఒక్కటే కాదు, పైలట్ కొత్తగా ఏమీ తెలుసుకోనక్కరలేదన్న మాట కూడా. ఒక మనిషి తెలియనితనానికి వెల కట్టాక, అతనికి తెలియజెప్పే ప్రతి వాక్యమూ నష్టం పద్దులోకి పోతుంది. 2013 జూన్‌లో జరిగిన ఒక అంతర్గత సమావేశం నమోదులో, ఎంకాస్‌ను కొత్త ఏర్పాటుగా నొక్కి చెబితే ధ్రువీకరణ మీదా శిక్షణ మీదా ప్రభావం పెరగవచ్చనీ, కాబట్టి బయటివారికి దాన్ని పాత స్పీడ్ ట్రిమ్ ఏర్పాటుకు చేర్పుగానే చెప్పాలనీ ఉంది. తర్వాత ఎంకాస్ బలం పెంచారు. ఒక్కసారికి స్టెబిలైజర్‌ను 0.6 డిగ్రీలు కదిపేది కాస్తా 2.5 డిగ్రీలు కదిపేదైంది, తక్కువ వేగాల్లోనూ పనిచేసేదైంది. 2016 మార్చిలో దాని ప్రస్తావనను పైలట్ల మాన్యువల్ నుంచి తొలగించడానికి బోయింగ్ అనుమతి అడిగింది, నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ సరేనంది. పెరిగిన బలం సంగతి ఆ అనుమతి ఇచ్చినవారికి తెలియదు.

ఫలితం ఏమిటో లయన్ ఎయిర్ కాక్‌పిట్‌లో కనబడుతుంది. విమానం ముక్కుకు రెండు పక్కలా గాలి ఒరవడికి తిరిగే చిన్న పలకలుంటాయి. ఎదురొచ్చే గాలికి ముక్కు ఏ కోణంలో ఉందో అవి చెబుతాయి. రెండున్నా ఎంకాస్ ఒక్కో ప్రయాణంలో ఒక్కదాని మాటే వింటుంది. ఆ రోజు ఎడమ పలక 21 డిగ్రీలు తప్పు చూపుతోంది. నేల విడిచింది మొదలు కెప్టెన్ పిడి హెచ్చరికగా దడదడలాడుతూనే ఉంది. కాసేపటికి మోకాళ్ల పక్కనున్న, స్టెబిలైజర్‌తో ముడిపడిన ట్రిమ్ చక్రం తనంత తానే తిరగసాగింది. అతను బటన్ నొక్కి ముక్కు లేపుతాడు, కొద్ది సెకన్లకు అది మళ్లీ దిగుతుంది. ఇలా ఇరవైసార్లకు పైగా. ఆ గందరగోళంలోనే చెక్‌లిస్ట్ పుస్తకం తిరగేశారు. వాళ్లను చంపుతున్నదాని పేరు ఆ పుస్తకంలో లేదు. పదకొండు నిమిషాల ప్రయాణమంతా వాళ్లు తమకెవరూ చెప్పని ఒకదానితో పెనుగులాడారు.

బోయింగ్ వైపు నుంచి వచ్చిన జవాబును తేలిగ్గా తీసెయ్యకూడదు. విమానంలో వేలకొద్దీ ఏర్పాట్లుంటాయి, అన్నీ మాన్యువల్‌కెక్కిస్తే అవసరమైంది అనవసరమైనదాంట్లో మునిగిపోతుంది. పైగా స్టెబిలైజర్ దారితప్పితే రెండు స్విచ్‌లు కట్టేయమని పాత పద్ధతి ఉండనే ఉంది. ముందురోజు రాత్రి అదే విమానం బాలి నుంచి జకార్తా వస్తూ ఇదే చిక్కులో పడితే ఆ పద్ధతితోనే బయటపడింది. మొదటి మాట సూత్రంగా నిజం. ఆప్తుడు ఎరిగినదంతా వల్లెవేయనక్కరలేదు, ఏది చెప్పాలో ఎంచడం కూడా దయలో భాగమే. కానీ ఎంపిక ఏ లెక్కన జరిగిందన్నది ప్రశ్న. పైలట్ నెత్తిన భారం పడుతుందని దాచి ఉంటే, ఆ 2013 నమోదులో పైలట్ భారం గురించి ఉండాలి. ఉన్నది ధ్రువీకరణ, శిక్షణ గురించి. దయతో చేసిన ఎంపికకూ లాభంతో చేసిన ఎంపికకూ బయటి రూపు ఒక్కటే కావచ్చు, లోపలి కారణం మాత్రం కాగితం మీదే ఉంది. రెండో మాటకొస్తే, ముందురోజు కాక్‌పిట్‌లో అదనంగా మూడో పైలట్ కూర్చుని ఉన్నాడు. ఎంకాస్ తప్పుగా పనిచేస్తే ఏమవుతుందో చూసిన బోయింగ్ సొంత టెస్ట్ పైలట్‌కే 2012లో సిమ్యులేటర్‌లో స్పందించడానికి పది సెకన్లకు పైగా పట్టింది, ఆ స్థితి ప్రాణాంతకమని అతను తేల్చాడు. భద్రతా లెక్కలు మాత్రం నాలుగు సెకన్ల మీదే నడిచాయి. ఇథియోపియన్ పైలట్లు ఆ స్విచ్‌లు కట్టేశారు కూడా. ఇంజిన్లు పూర్తి బలంతోనే ఉండి వేగం మితిమీరినందున చేత్తో చక్రం తిప్పలేకపోయారు. వాళ్ల వైపు లోటు ఒకటుందని ఒప్పుకున్నా, ఆ లోటుకు ఆస్కారమిచ్చింది అంతకు ముందు పాటించిన మౌనమే.

మన భారతం ఈ చిక్కుముడిని రెండు చోట్ల ముట్టుకుంది. ద్రోణపర్వంలో ధర్మరాజు అన్న మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదు, అశ్వత్థామ అనే ఏనుగు చచ్చిన మాట నిజమే. ఆ ఏనుగు అన్న మాట వినబడకుండా పలికినందుకే, అప్పటిదాకా నేలకు నాలుగంగుళాల ఎత్తున నడిచిన ఆయన రథం నేలను తాకింది. కర్ణపర్వంలో కృష్ణుడు అర్జునుడికి కౌశికుడి కథ చెబుతాడు. సత్యవ్రతుడైన ఆ తపస్వి, ప్రాణభయంతో పారిపోయినవారు ఎటు వెళ్లారని దొంగలడిగితే ఉన్నదున్నట్టు చెప్పాడు. వాళ్లు చచ్చారు, ఆయన నరకానికి పోయాడు. రెండు కథలనూ పక్కపక్కన పెడితే ఒక సంగతి తేలుతుంది. మాటకూ వస్తువుకూ పొత్తు కుదిరితే చాలదు. ఆ మాట మీద, లేదా ఆ మౌనం మీద, ఎవరి ప్రాణం ఆధారపడి ఉందన్నదే కొలత. కౌశికుడు మౌనం వహించాల్సిన చోట పలికాడు, ధర్మరాజు పలకాల్సిన చోట గొంతు తగ్గించాడు. మ్యాక్స్ విషయంలో వినాల్సినవాడు దొంగ కాదు, శత్రువు కాదు. విమానాన్ని బతికించే ఒకే ఒక్కడు. ధర్మరాజుకు యుద్ధమన్న సాకైనా ఉంది. వ్యాపారపు పోటీ యుద్ధం కాదు. అందులో ఓడినవాడికి వాటా తగ్గుతుంది, ప్రాణం పోదు.

ఇంతకీ పోటీయే పాపమా? కాదు. ఎయిర్‌బస్, బోయింగ్ దశాబ్దాలుగా ఒకదాన్నొకటి తరుముకోబట్టే ఇంజిన్లు తక్కువ ఇంధనంతో ఎక్కువ దూరం పోతున్నాయి, మామూలు సంసారాలు కూడా విమానమెక్కుతున్నాయి. ప్రమాదాలు కూడా వెనకటికంటే ఎంతో తగ్గాయి. అయితే ఈ తగ్గుదలకు మూలం పోటీ లేని చోటే ఉంది. ఒక సంస్థ విమానం కూలితే దర్యాప్తు నివేదిక అందరి చేతికీ వస్తుంది, పోటీదారు కూడా అది చదివి తన విమానం సరిచేసుకుంటాడు. ప్రమాదం నుంచి వచ్చిన తెలివి ఉమ్మడి ఆస్తి అన్న ఒప్పందం మీద ఈ పరిశ్రమ నిలబడింది. ధర మీద పోటీ పడొచ్చు, సీట్ల మీద, దూరం మీద పడొచ్చు. పైలట్‌కు ఏమి తెలియాలన్నదాన్ని కూడా పోటీలోకి లాగినప్పుడు ఆ ఒప్పందం తెగింది.

వేలమంది కలిసి కట్టిన వస్తువుకు కర్త ఎవరన్న అభ్యంతరం మిగిలింది. ఒకరు కోడ్ రాశారు, ఒకరు నమోదు రాశారు, ఒకరు అనుమతి అడిగారు, ఒకరు ఇచ్చారు. చంపాలని ఒక్కరూ అనుకోలేదు, ఆ మాట నేను నమ్ముతాను. కానీ మన సంప్రదాయం కర్తృత్వాన్ని ఒక్క చేతికి కట్టెయ్యలేదు. చేసినవాడు, చేయించినవాడు, పురికొల్పినవాడు, సరేనన్నవాడు నలుగురూ ఫలంలో సమాన భాగస్తులని పెద్దలు ఎప్పుడో చెప్పారు. అమెరికా న్యాయవ్యవస్థ ఈ నలుగురిని ఒక్కచోట నిలబెట్టలేకపోయింది. 2021 జనవరిలో బోయింగ్ తన ఇద్దరు ఉద్యోగులు ఎఫ్ఏఏను మోసగించారని ఒప్పుకుని 250 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. వ్యక్తిగతంగా విచారణ ఎదుర్కొన్నది ఒకే ఒక్క టెక్నికల్ పైలట్, 2022 మార్చిలో జ్యూరీ అతన్ని నిర్దోషిగా వదిలింది. సరేనన్నవారి పాలూ చిన్నది కాదు. మొదటి ప్రమాదం తర్వాత ఎఫ్ఏఏ స్వయంగా వేసుకున్న అంచనా ప్రకారం, సరిదిద్దకపోతే ఈ విమానాల జీవితకాలంలో ఇలాంటివి పదిహేను దాకా జరగవచ్చు. అయినా వాటిని ఎగరనిచ్చారు. తప్పు నలుగురికీ పంచబడిందంటే తలా పావలా అయిపోయిందని అర్థం కాదు. సమాన భాగమంటే ప్రతివాడికీ నిండు భాగమే. ఈ మాట మనకూ దూరం కాదు. హైదరాబాద్ శివార్లలోని ఆదిభట్లలో టాటా, బోయింగ్ ఉమ్మడి కర్మాగారం 737ల తోక నిలువు రెక్కను తయారుచేస్తోంది.

రెండు ప్రమాదాల తర్వాత 2020 డిసెంబర్‌లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం, పైలట్ ప్రమేయం లేకుండా విమానాన్ని కదిపే ఏర్పాట్ల వివరాలను దాచకుండా నియంత్రణ సంస్థకు చెప్పాలని తయారీదారులకు విధించింది. వాత్స్యాయనుడి మూడో లక్షణం కోరికగా మిగలనప్పుడు దాన్ని శాసనంగా పెట్టాల్సి వచ్చిందన్నమాట. అదే చట్టం రెండేళ్ల గడువు తర్వాత ధ్రువీకరణ పొందే విమానాలకు ఆధునిక హెచ్చరిక వ్యవస్థ ఉండాలంది. మ్యాక్స్ 7, మ్యాక్స్ 10 రకాలు ఆ గడువులోగా ధ్రువీకరణ పొందేలా కనబడలేదు. బోయింగ్ మినహాయింపు అడిగింది. మ్యాక్స్ కాక్‌పిట్‌లన్నీ ఒకేలా ఉంటేనే పైలట్లకు క్షేమమని వాదించింది. పోయినవారి కుటుంబాలు వాషింగ్టన్ వెళ్లి ఎదురు వాదించాయి. 2022 డిసెంబర్‌లో కాంగ్రెస్ మినహాయింపు ఇచ్చింది, ముక్కు కోణాన్ని సరిచూసుకునే మెరుగైన ఏర్పాటును మ్యాక్స్‌లన్నిటికీ అమర్చాలన్న షరతుతో. ఆ నిర్ణయం సరైనదా కాదా అన్నది నిపుణులు వాదించుకోవచ్చు. అయితే 2013లో తలుపులేసుకుని ఒక నమోదులో రాసుకున్న రకం లెక్కే ఈసారి చట్టసభలో, తల్లిదండ్రుల ఎదుట, వాళ్లు కాదనడానికి వీలున్న చోట జరిగింది.