ఉపాధ్యాయుడు నేర్వవలసిన భాష: మార్లవాయి ప్రయోగం

ఉపాధ్యాయుని అర్హతను నిర్ణయించేది పట్టామా, పిల్లల మాటను గ్రహించగల శక్తియా? ఆదివాసీ విద్యకు సంబంధించినంతవరకు ఇది పాలనాపరమైన ప్రశ్న మాత్రమే కాదు, న్యాయానికి సంబంధించిన ప్రశ్న.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం మరణించిన తరువాత, గోండుల స్థితిగతుల అధ్యయనానికి నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను నియోగించింది. ఆయన కృషితో 1943లో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం ఏర్పడింది. అప్పటికి అక్షరాస్యులైన గోండులు వేళ్లమీద లెక్కింపదగినంతమందే. ఆ కొద్దిమందినే ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దారు. గోండీ వాచకాలను దేవనాగరి లిపిలో అచ్చువేయించారు. (లిపి అరువుదే, మాట సొంతం.) అక్కడ భాష ముందు, పట్టా తరువాత.

2000 నాటి 3వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు షెడ్యూల్డ్ ప్రాంతాల్లోని ఉపాధ్యాయ పదవులన్నింటినీ స్థానిక గిరిజనులకే కేటాయించింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. ఆదివాసులకు ఇది నిజమైన నష్టమే. అయితే వాదమంతా ప్రధానంగా పదవుల పంపిణీ చుట్టూనే నడిచింది. కొలామ్ గూడెంలో నియమితుడైన గోండు ఉపాధ్యాయునికి కొలామీ రాకపోతే, ఆదివాసి అయినప్పటికీ అతడు ఆ తరగతిలో పరాయివాడే. పుట్టుక ఇవ్వలేనిది అభ్యాసం ఇవ్వాలి. కాని మన వృత్యంతర శిక్షణలు పాఠాన్ని ఎట్లా చెప్పాలో నేర్పినంతగా, పిల్లవాని మాటను ఎట్లా వినాలో నేర్పవు.

పనిచేసే గూడెంలోనే, అక్కడి పెద్దల వద్ద భాష నేర్చుకునేందుకు ఉపాధ్యాయునికి కొన్ని నెలల వ్యవధి ఇవ్వాలి. బోధకులుగా ఆ పెద్దలకు వేతనమూ చెల్లించాలి.