దినమున కొక్కటి

కడపసీమ తాళ్లపాకలో జన్మించిన అన్నమాచార్యులవారు 32,000 సంకీర్తనలు రచించిరని వారి మనుమడు చిన్నన్న వ్రాసిన చరిత్ర తెలుపుచున్నది. రాగిరేకులనుబట్టి ఆ కాలము 1424 నుండి 1503 వరకు, 79 సంవత్సరములు. లెక్కించినచో దినమున కొకటికి కొంచెమే ఎక్కువ! కుమారులు పెదతిరుమలాచార్యులును ఆ నిత్యనియమమునే పాటించిరి.

మనకంతటి ప్రతిభ లేకపోవచ్చును; నియమమునకు ప్రతిభతో పనిలేదు. దీపము వెలిగించునపుడు ఒక్క నామము, భోజనమునకు ముందు ఒక్క స్మరణ, నోటివరకు వచ్చిన ఒక్క పరుషవాక్యమును మ్రింగుట, ఇవి చాలును. వేసవిలో మన సీమ బావులయందు నీరు రాత్రియంతయు బొట్టుబొట్టుగా ఊరి, తెల్లవారుసరికి బిందెలు నింపును గదా! ఒకనాడు తప్పినను మరునాడు మానరాదు.

దేవుని కడప తిరుమలకు తొలిగడప. చిన్న నియమము స్వామి సన్నిధికి తొలిగడప.