వేటతుపాకి కొలతయు వేటగాని ధర్మమును

జింకను చంపుటకు ఏ కొలత తుపాకి తగినదను ప్రశ్నకు ధర్మవిచారమున చోటు కలదా యని కొందరు శంకింపవచ్చును. చంపుటయే పాపమైనప్పుడు పనిముట్టును గూర్చిన చర్చ యెందులకని వారి వాదము. వినుటకు ఈ వాదము శుచిగా నున్నది. కాని లోకమున వేట యున్నది. మనదేశమున 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము జింకల వేటను నిషేధించినది, అది సమంజసమే. అమెరికాలో నట్లు కాదు. తోడేళ్లు నశించిన చోట్ల జింకలు పెరిగి చేలను, లేతచెట్లను మేసివేయుటచే, ఏటేట నియమితకాలమున వేటకు అనుమతి నిచ్చుట అక్కడి ప్రభుత్వముల పాలనలో నొక భాగమైనది. మన బిడ్డలనేకులు ఆ దేశమున కాపురమున్నారు. పొరుగువాడు వేటకు రమ్మని పిలిచినచో ఏమి చేయవలెనను చిక్కు వారికిని రావచ్చును.

ముందు కొలత సంగతి. ఒక పౌను సీసమును 12 సమానమైన గుండ్లుగా పోతపోసినచో, అందొక గుండు సరిగా పట్టునంత గొట్టము గల తుపాకి 12 బోరు. 20 గుండ్లుగా పోసినచో 20 బోరు. కావున సంఖ్య పెరిగినకొలది గొట్టము సన్నమగును. లెక్కల పుస్తకములు వ్రాసినవారికి గూడ ఇది తలక్రిందుల లెక్కగానే తోచును. 12 బోరు గొట్టపు వ్యాసము 0.729 అంగుళము, 20 బోరుది 0.615. 410 అనునది మాత్రము ఈ వరుసలోనిది కాదు; అది అంగుళములో వేయింట 410 వంతులని తెలుపు నేరుకొలత.

పెద్దగొట్టము ఎక్కువ సీసమును విసరును గనుక జింక త్వరగా పడును, కావున అన్నిటికంటె పెద్దదే దయగలదని యెవడైన ననుకొనవచ్చును. అట్లు కాదు. తుపాకి ఎంత పెద్దదైన భుజమును అంత గట్టిగా తన్నును. ఆ తన్నునకు బెదరినవాడు మీట నొక్కక ముందే కన్నులు మూసికొనును, భుజము జంకును. గుండెకు తగులవలసిన దెబ్బ కడుపునకు తగులును. కడుపున దెబ్బతిన్న జింక వెంటనే చావదు. పొదలలో దూరి గంటల తరబడి, ఒక్కొక్కప్పుడు రాత్రియంతయు, ప్రాణముతో నుండును. అందుచేత శరీరము తేలికయైనవాడు తన చేతిలో కదలక నిలుచు 20 బోరును ఎన్నుకొనుట పిరికితనము కాదు, వివేకము. దాని ఒంటిగుండు తూటా దగ్గరి దూరమున జింకకు చాలినదే.

ఇందుకు వ్యతిరేకమైన దోష మింకొకటి కలదు. తన గురి ఎంత గొప్పదో నలుగురికి చూపదలచి 410ను పట్టుకొని పోవువాడు. వాని గొప్పకు మూల్యము చెల్లించునది జింక. ఈ రెండవవాడే నా దృష్టిలో ఎక్కువ దోషి. మొదటివానిది తెలియనితనమైన కావచ్చును.

గొట్టముకంటె తూటా ముఖ్యము. 12 బోరులో పెద్దగుండ్లు ఎనిమిదో తొమ్మిదో నింపిన తూటా కలదు. ఒకటి కాకున్న ఒకటి తగులునను ధైర్యము దానివలన వేటగానికి కలుగును. కాని నలుబది గజములు దాటునప్పటికి ఆ గుండ్లు చెదరి, ఒకటో రెండో ఎక్కడనో తగులును. గురిలేనివానికి అది ఊరట. జింకకు అది శిక్ష. ఇంగ్లాండున 1991వ సంవత్సరపు జింకల చట్టము మామూలుగా ఈ తుపాకులతో జింకలను కొట్టుటనే నిషేధించినది. పంట నష్టపడు రైతునకు మాత్రము మినహాయింపు నిచ్చుచు, తుపాకి 12 బోరుకు తక్కువ కాకూడదనియు, ఒంటిగుండైన 350 గ్రెయినులకు తగ్గకూడదనియు, పలుగుండ్లైన ప్రతి గుండు వ్యాసము 0.203 అంగుళమునకు తగ్గకూడదనియు నిర్ణయించినది. అంకెలు పొడిగా నున్నను వాని వెనుక జింక బాధ యున్నది.

మన పురాణములును ఈ విచారము నెరుగును. మృగరూపమున నున్న మునిని కొట్టిన పాండురాజును ఆ ముని నిందించినది మృగమును చంపినందులకు కాదు, సంగమసమయమున చంపినందులకు. దశరథుడు కుండ నిండు చప్పుడును విని ఏనుగనుకొని, కంటికి కనబడని దానిపై బాణము వేసెను. చంపవచ్చునా యను ప్రశ్నతోబాటు ఎట్లు, ఎప్పుడు, ఏమి చూచి యను ప్రశ్నలును ఆ కథలలో కలవు.

మంచి పనిముట్టును వెదకుట హంతకుని మనస్సాక్షికి జోలపాట పాడుటయే యని అహింసావాదులందురు. ఇందు కొంత సత్యము కలదు. తుపాకిని ఒడుపుగా ఎంచుకొన్నవాడు తన పని ధర్మమైనదని భ్రమపడుట సులభము. ఈ ఆక్షేపణకు పూర్తి సమాధానము నావద్ద లేదు. అయినను జింకవైపు నిలిచి చూచినచో, క్షణములలో ముగియు చావునకును తెల్లవారువరకు సాగు చావునకును గల భేదము మాటల భేదము కాదు.

అంగడిలో తుపాకిని కొనునాటికి జింక యింకను కంటబడలేదు. అడవిలో అది అరువది గజముల దూరమున, సగము కొమ్మలచాటున, చీకటిపడు వేళ నిలిచినప్పుడు తుపాకిని దించగలడా లేడా యనునదే వానికి అసలు పరీక్ష. దించక కాల్చినవానిపై మరియొక భారము పడును. గాయపడిన జింకను వెంటనే తరిమినచో అది యింకను దూరము పరుగెత్తును గనుక, అనుభవజ్ఞులు కొంతసేపు ఆగి, నెత్తుటి చారలను పట్టుకొని, దీపము చేతబట్టుకొని వెదకుదురు. చలి యనియు, భోజనవేళ యనియు ఇంటికి మరలిపోవువారును కలరు.