సంవాద ధర్మము

భగవద్గీత ప్రతి అధ్యాయాంతమున శ్రీకృష్ణార్జున సంవాదమని చెప్పబడినది. అర్జునుని సందేహములన్నియు విసుగుకొనక విని, సర్వమును బోధించిన పిమ్మట స్వామి, బాగుగా విచారించి నీ ఇచ్చ వచ్చినట్లు చేయుమనెను, నిర్బంధింపలేదు.

హిజ్రాల పేర్లను రిజిస్టరున కెక్కించి, స్త్రీవేషమున వీధిలో కనబడినచో వారంటు లేకయే అరెస్టు చేయనిచ్చిన 1919 నాటి నిజాం శాసనమును తెలంగాణ హైకోర్టు 2023లో కొట్టివేసినది. వయోజనుల స్వలింగానురాగము నేరము కాదని సుప్రీంకోర్టు 2018లోనే తీర్పు చెప్పినది. అయినను కోడేరు వంటి ఊళ్లలో గుడి వెలుపల నిలిచినవారిని లోనికి పిలువవలసినది కోర్టు కాదు, భక్తులే.

సమానత్వము కోరువారికి గెంటివేతురేమోయను భయము. భక్తులకు ఆచారము చెడునేమోయను భయము. ఈ రెంటిని ఎదురెదురుగా కూర్చుండి చెప్పుకొనుటయే సంవాదము. శాస్త్రార్థమున భేదము మిగిలిన మిగులుగాక. తీర్థప్రసాదముల వేళ భేదము తగదు. అందరిలోని అంతర్యామి ఒక్కడే గదా!